రైజెన్ 2600 తీసి ఇంకోటి పెట్టనా, మొత్తం సిస్టమే మార్చేయనా? అంబాజీపేట నుంచి ఒక డౌటు

కొబ్బరాకు:

అందరికీ నమస్కారమండి. రెండేళ్లుగా ఇక్కడ అందరూ రాసింది చదవడమే తప్ప నేను రాసింది లేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నా సిస్టం 2019 చివర్లో, భీమవరంలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, హైదరాబాద్ వెళ్లి కంప్యూటర్ పార్టులమ్మే సీటీసీలో ఒక్కో పార్టూ బేరమాడి కొని, అట్టపెట్టెలన్నీ ఒళ్లో పెట్టుకుని నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా నిద్రపోకుండా తెచ్చుకుని కట్టుకున్నది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, ఎనిమిది జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు (డబ్బా మీద 3200 అని ఉంది), జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల పవర్ సప్లై. విండోస్ 10.

సమస్య ఏంటంటే, పోయిన నెల పాత 60 హెర్ట్జ్ మానిటర్ తీసేసి 144 హెర్ట్జ్ ది (సెకనుకి 144 బొమ్మలు చూపించేది) కొన్నాను, 1080పీ. సెట్టింగ్స్‌లో 144 పెట్టాను కూడా, ఆ డౌటు వద్దు. కానీ సీఎస్2 (కౌంటర్ స్ట్రైక్ 2 ఆట)లో అన్నీ లో లో పెట్టినా యావరేజిన 110 ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే బొమ్మలు) దాటట్లేదు, నలుగురు ఒకచోట చేరి పొగ గుండ్లు వేసుకుంటే 65కి పడిపోతోంది, సరిగ్గా ఎదుటివాడు కనపడే టైముకి బొమ్మ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది, ఈలోపు మనం చచ్చి ఉంటాం. ఏడాది కిందట ఇంత ఘోరంగా లేదు, లేకపోతే 60 హెర్ట్జ్ లో నాకు తెలియలేదో.

టౌన్లో ఒక షాపులో అడిగితే "ఇది పాతబడిపోయింది బాబూ, ఈ బోర్డుకి ఇంకేం ఎక్కవు, దీనికి విండోస్ 11 కూడా రాదు, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ మార్చాలి" అని 42 వేలకి ఒక కాగితం రాసిచ్చారు. నా దగ్గర ఉన్నది 13 వేలు. ఇంట్లో అడిగే పరిస్థితి లేదు, ఎందుకంటే మానిటర్ కొన్నప్పుడే "ఇంక ఏడాది దాకా దాని ఊసెత్తనని" నాన్నగారికి మాటిచ్చాను.

అన్నట్టు, ఉరుములు మొదలయ్యాయంటే చాలు నాన్నగారు మెయిన్ ఆపేస్తారు. తరవాత సిస్టం ఆన్ చేస్తే తేదీ 2019 జనవరి 1 అని చూపించి ఎఫ్1 నొక్కమంటుంది, నొక్కేస్తే మామూలుగా ఆన్ అయిపోతుంది, అది వేరే గోల. నాకు కావాల్సింది ఒక్కటే: ఈ 13 వేలల్లో ప్రాసెసర్ ఒక్కటీ మారిస్తే పనవుతుందా, డబ్బులు దండగా?


బావమరిది బిల్డ్స్:

దండగే తమ్ముడూ. చచ్చిన సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. ఆగగలిగితే ఆరు నెలలు ఆగు, కొత్త సాకెట్ ఏఎమ్5 ఉన్న బోర్డు మీదకి రైజెన్ 7600 తీసుకో, ఇంకో ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు. నేనదే చేశాను.


గంపకింద పుంజు:

బావమరిది గారూ, 13 వేలు అని రాశాడు కదండీ ఆ అబ్బాయి. ఏఎమ్5 అంటే డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది ఎక్కదు, 2025 చివర్లో మొదలైన ర్యామ్ ధరలు చూశారా మీరు? మీరు కొన్నప్పటి లెక్క ఇప్పుడు కాదు. ఇతగాడి ర్యామ్ ఇతగాడి దగ్గరే ఉండటం ఈ రోజుల్లో పొలం ఉన్నంత బలం.

నేను సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.


గట్టుమీద టెక్కు:

కొబ్బరాకు తమ్ముడూ, మీరు "అది వేరే గోల" అని చివర్లో పడేసిన ముక్కే అసలు గోలండి. రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా ఇవే విప్పి బిగిస్తున్నాను, నా మాట విని ప్రాసెసర్ సంగతి రెండు రోజులు పక్కన పెట్టండి.

కరెంటు పూర్తిగా తీసేసిన ప్రతిసారీ తేదీ 2019కి పోతోందంటే బోర్డు మీద గుండ్రంగా రూపాయి బిళ్లంత ఉండే సెల్లు అయిపోయింది. అది అయిపోతే పోయేది తేదీ ఒక్కటే కాదు, బయాస్‌లో (విండోస్ కన్నా ముందు బోర్డుని నిద్రలేపే ప్రోగ్రామ్‌లో) మీరు పెట్టుకున్న సెట్టింగులన్నీ పోతాయి. ఎఫ్1 నొక్కమని అడిగేది అందుకే, "నేను పెట్టుకున్నవన్నీ మర్చిపోయాను, ఫ్యాక్టరీలో ఉన్నట్టు మొదలెట్టనా" అని. మీరు ప్రతిసారీ సరే అంటున్నారు.

అందులో ఏం పోయిందో చెప్తాను. డబ్బా మీద 3200 అని ఉన్న ర్యామ్ దానంతటది 3200లో నడవదు, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే దాన్ని ఆన్ చేస్తేనే నడుస్తుంది. 2019లో కట్టినప్పుడు ఎవరో ఒకరు ఆన్ చేసే ఉంటారు. సెల్లు అయిపోయాక అది ఆఫ్ అయిపోయి 2133కో 2400కో దిగిపోయి ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కుడివైపు స్పీడు అని ఉంటుంది, ఒక్కసారి చూసి చెప్పండి.

ర్యామ్ స్పీడుకి ఇంత కథేంటి అంటారేమో. వేరే ప్రాసెసర్లకి సంగతేమో గానీ 2600కి మాత్రం ఉంది. దానిలో ఆరు కోర్లూ ఒకచోట లేవు, మూడూ మూడూ కింద రెండు వాటాలు. అన్నదమ్ములు వేరుపడి ఒకే ఇంట్లో చెరో వంటిల్లు పెట్టుకున్నట్టు, వాటాకి 8 ఎంబీ చొప్పున ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ). ఈ వంటింట్లో ఉన్నావిడకి ఆ వంటింట్లోని పసుపు డబ్బా కావాలంటే మధ్యలో నడవాలోంచి వెళ్లి తెచ్చుకోవాలి. ఆ నడవాని ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అంటారు, దాని వేగం ర్యామ్ వేగంతో కట్టేసి ఉంటుంది. ర్యామ్ 3200లో ఉంటే అది 1600 మెగాహెర్ట్జ్, 2133లో ఉంటే 1066. అంటే మీరు కొట్టుకెళ్లే దారీ (ర్యామ్ దగ్గరికి వెళ్లేది) ఇరుకు చేశారు, ఇంట్లో నడవా కూడా ఇరుకు చేశారు. మామూలు పనిలో ఇది తెలియదు, గేమ్‌లో మాత్రం పొగ, తూటాలు, పదిమంది ఆటగాళ్లూ ఒక్కసారే వచ్చినప్పుడు తెలుస్తుంది. మీరు చెప్పిన ఆ ఒక్క క్షణం ఆగడం, చాలావరకు అదే.

రెండోది వేడి. అంబాజీపేట అన్నారు, చుట్టుపక్కల కొబ్బరి పీచు ఆడే మిల్లు ఉందా? మీ వైపు నుంచి వచ్చే సిస్టమ్స్ మూత తీస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య నశ్యంలా ఎర్రగా పేరుకుని ఉంటుంది. మా దగ్గర మిల్లుల ఊక నుసి అయితే ఊదితే పోతుంది, పీచు పొడి అలా కాదు, తేమకి అట్ట కట్టేస్తుంది. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గరికి వెళ్తే తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది.

మూడోది, అసలు తప్పు ప్రాసెసర్‌దేనా గ్రాఫిక్స్ కార్డుదా అని చూడటం. గేమ్ ఆడుతుండగా మూల మీద అంకెలు చూపించే ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకుని జీపీయూ (అంటే ఆ కార్డు) ఎంత శాతం పనిచేస్తోందో చూడండి. 97, 98 ఉంటే కార్డు అలిసిపోయినట్టు, ప్రాసెసర్ మార్చినా ఉపయోగం సున్నా. 50, 60 ఉండి ఎఫ్‌పీఎస్ తక్కువ ఉంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తున్నట్టు. అది ఆఫ్టర్‌బర్నర్ లేకుండా కూడా తేలుతుంది: రిజల్యూషన్ 720కి దించి చూడండి, ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డం కార్డు కాదు.

విండోస్ 11 మాట కూడా తప్పే. రైజెన్‌లో మొదటి తరం, అంటే 1600 లాంటివి, దానికి పనికిరావు గానీ 2600 మైక్రోసాఫ్ట్ ఇచ్చిన లిస్టులోనే ఉంది. బయాస్‌లో ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రత సెట్టింగులు ఆన్ చేసుకుంటే వస్తుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కాబట్టి ఎలాగూ మారాలి మీరు.

సెల్లు పేరు 2032. వాచీలు బాగుచేసే కొట్లో దొరుకుతుంది.


కొబ్బరాకు:

గట్టుమీద మాస్టారూ, మీకు దండం పెట్టాలండి.

ఆదివారం పొద్దున్నే సిస్టం తీసుకెళ్లి వీధి అరుగు మీద పడుకోబెట్టి మూత తీశాను. పీచు మిల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతలే. ఫ్యాన్ కింద రెక్కల మధ్య మీరు చెప్పినట్టే ఎర్రగా, పాత దిండు చింపితే వచ్చే దూదిలా ఒక పొర, గోరుతో లాగితే రెక్కల ఆకారంలోనే ఊడి వచ్చింది, అచ్చు దువ్వెనలా. మా చెల్లి ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంది. పెయింట్ బ్రష్షుతో, సైకిల్ పంపుతో గంటన్నర పట్టింది. ఫ్యాన్ తిరక్కుండా వేలుతో పట్టుకుని ఊదమని వేరే చోట చదివాను, అలాగే చేశాను.

సెల్లు మార్చకముందు టాస్క్ మేనేజర్ చూశాను. 2133! ఎన్నాళ్లుగా అలా ఉందో దేవుడికే తెలియాలి.

సెల్లు వేసి, తేదీ పెట్టి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే మూడుసార్లు దానంతటదే ఆగి వెలిగి మళ్లీ 2133కే వచ్చేసింది. టెన్షన్ వచ్చింది. తరవాత ఎక్స్‌ఎంపీ అలాగే ఉంచి స్పీడు ఒక్కటీ 2933కి దించితే నిలబడింది. 2019లో కూడా బహుశా ఇంతే పెట్టారేమో.

లెక్కలు చెప్తాను. అదే మ్యాపు, అవే సెట్టింగులు, ముందు యావరేజి 110, పడితే 65. ఇప్పుడు యావరేజి 136, పడితే 90. ప్రాసెసర్ వేడి 91 ఉండేది 70 దగ్గరికి వచ్చింది. ఆగి ఆగి కదలడం దాదాపు పోయింది. ఖర్చు సెల్లుకి 40 రూపాయలు. 42 వేల కాగితం ఇంకా నా పర్సులోనే ఉంది.

కానీ జీపీయూ చూస్తే ఇప్పటికీ 65 దాటట్లేదు. 720కి దించినా అదే 138. అంటే ఇంక ప్రాసెసరే అడ్డం అనే కదండీ అర్థం? 13 వేలూ అలాగే ఉన్నాయి. 144 కొన్నాను కాబట్టి 144 కింద పడకుండా ఆడాలని ఉంది. ఏది తీసుకోమంటారు?


గంపకింద పుంజు:

ఇప్పుడు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. డ్యూటీ అయిపోయింది, తాపీగా రాస్తాను.

ముందు షాపు మాట, "ఈ బోర్డుకి ఇంకేం ఎక్కవు" అన్నది. బీ450 2018లో వచ్చింది. రైజెన్ 5000 సిరీస్ 2020 నవంబర్‌లో మొదలైంది, ఈ పాత బోర్డులకి వాటిని గుర్తుపట్టే బయాస్‌లు 2021 నుంచి ఇస్తూ వచ్చారు. మీ బోర్డు కంపెనీ సైటులో మోడల్ పేరు కొట్టి, సపోర్టు పేజీలో సీపీయూ లిస్టు తెరవండి. ప్రాసెసర్ పేరు పక్కన ఏ బయాస్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. ఆ లిస్టులో ఉన్నదే కొనాలి, నా మాట మీద కాదు, షాపు మాట మీద అసలే కాదు.

ఇంక ఏది అన్నది. నా ఓటు రైజెన్ 5 5600. ఉత్త 5600. వెనక ఏ అక్షరమూ లేనిది.

ఎందుకో చెప్తాను. మా భీమవరం వాళ్లకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, గంపల కింద ఎన్ని పుంజులున్నా బరిలో దిగేది ఒక్కటే. గేమ్ కూడా అంతే, ముఖ్యమైన పనంతా ఒకటి రెండు థ్రెడ్‌ల (పని వరసల) మీదే పడుతుంది, ఆ ఒక్క కోరు ఎంత గట్టిదన్నదే లెక్క. 2600లోనూ ఆరు కోర్లే, 5600లోనూ ఆరే, లెక్కకి ఏమీ పెరగలేదు. కానీ పుంజు మారింది. గట్టుమీద మాస్టారు చెప్పిన రెండు వంటిళ్ల కథ ఉంది కదా, 5600లో ఆ మధ్య గోడ తీసేశారు: ఆరు కోర్లకీ కలిపి ఒకటే 32 ఎంబీ క్యాష్. నడవాలో తిరగడం చాలా తగ్గుతుంది. దానికి తోడు 2600 పైకి వెళ్తే 3.9 గిగాహెర్ట్జ్, ఇది 4.4. వాట్లు అవే 65, కాబట్టి మీ 450 వాట్ల పవర్ సప్లైకి చెమట కూడా పట్టదు. డబ్బాలో కూలర్ కూడా వస్తుంది.

అక్షరాల దగ్గర జాగ్రత్త. 5600జీ అని ఉంటుంది, జీ అంటే గేమింగ్ అని చెప్పి అంటగట్టేవాళ్లని చూశాను. అది గ్రాఫిక్స్ లోపలే ఉన్న రకం, కార్డు లేనివాళ్లకి మంచిదే, కానీ క్యాష్ సగం, 16 ఎంబీ. 5500 కూడా 16 ఎంబీయే. అన్నిటికన్నా మోసం 5700, వెనక ఎక్స్ లేనిది. పేరు చూస్తే 5600 కన్నా పెద్దది, ఎనిమిది కోర్లు, తీరా చూస్తే క్యాష్ 16 ఎంబీ. 5700ఎక్స్ వేరు, దానిలో 32 ఎంబీ ఉంటుంది, బాగుంటుంది, కానీ కూలర్ రాదు, మీ 13 వేలల్లో పట్టడం కష్టం. మీరు వీడియో ఎడిటింగ్ లాంటివి చేస్తే దాని గురించి ఆలోచించేవాణ్ని, మీరు రాసినదాంట్లో అది లేదు.

రాజు మాత్రం 5700ఎక్స్3డీ. క్యాష్ 96 ఎంబీ, ఎల్3 మీద ఇంకో పొర పేర్చారు, సీఎస్2 లాంటి ఆటలకి దాని దెబ్బే వేరు. 2024 జనవరిలో వచ్చింది. ఇప్పుడు కొత్తది దొరకడం గగనం, దొరికినా ధర మండిపోతోంది, సెకండ్ హ్యాండ్‌లో ఎవరు ఎలా వాడారో తెలియదు. పైగా మీ 1660 సూపర్‌కి అది గూడెడ్లబండికి గుర్రాన్ని కట్టడమే అవుతుంది.

కొనేటప్పుడు డబ్బా సీలుతో ఉన్నది కొనండి, ట్రే అని విడిగా కవర్లో ఇచ్చేది కొంచెం తక్కువకి వస్తుంది గానీ డబ్బాతో వచ్చే మూడేళ్ల కంపెనీ వారంటీ దానికి ఉండదు, కూలరూ రాదు.


బావమరిది బిల్డ్స్:

సరే ఒప్పుకుంటున్నా, బిల్లు తీసి చూసుకున్నా, నేను కొన్న డీడీఆర్5 స్టిక్కులు ఇప్పుడు ఎంతుందో చూసి నోరు మూతపడింది. 5600 వేసుకో తమ్ముడూ. కానీ తరవాత కార్డు మార్చాలనిపిస్తే మళ్లీ ఇక్కడికే వస్తావు, అప్పుడు మాట్లాడుకుందాం.


ఆక్వా రాత్రులు:

ఏదైనా కొనుక్కోండి గానీ పెట్టే ముందు నా కథ చదవండి. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద ఉంటాను, రాత్రిళ్లు ఏరియేటర్లు చూసుకుంటూ షెడ్లో ఆడుకునే బాపతు.

నాదీ ఇదే కేసు, 2600 నుంచి 5600. తొందరెక్కువై, రాత్రి పదకొండింటికి కూలర్ స్క్రూలు నాలుగూ తీసి నిలువుగా పైకి లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. టక్ మని వచ్చింది, కూలర్‌తో పాటు ప్రాసెసరూ వచ్చేసింది! ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టు ఐదేళ్లకి ఎండి జిగురులా పట్టేసింది, సాకెట్ లివరు వేసి ఉండగానే ఊడి వచ్చింది. ఏఎమ్4లో (మన బోర్డుల సాకెట్) పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331, ఒక మూల పది పన్నెండు పిన్నులు గాలికి పడిపోయిన వరి దుబ్బుల్లా పక్కకి ఒరిగిపోయాయి. లెడ్డు పెన్సిల్లో లెడ్డు తీసేసి ఆ గొట్టంతో ఒక్కొక్కటీ నిలబెట్టేసరికి తెల్లారింది, ఆ రోజు మేత కూడా ఆలస్యంగా వేశాను. అదృష్టం బాగుండి పనిచేసింది, ఇప్పుడు మా తమ్ముడి సిస్టంలో ఉంది.

కాబట్టి విప్పేముందు ఒక పావుగంట గేమ్ ఆడి వేడెక్కనివ్వండి, పేస్టు మెత్తబడుతుంది. తరవాత ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు ఒకటి విప్పి దాని ఎదురుమూలది ఇంకొకటి, అలా కొంచెం కొంచెం వదులు చేసి, కూలర్‌ని పైకి లాగకుండా సీసా మూత తిప్పినట్టు అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జిగురు వదిలిందని చేతికి తెలుస్తుంది, అప్పుడు లేపండి. ఇంకో మాట, నాలుగు స్క్రూలూ ఊడగానే బోర్డు వెనకున్న ఇనప ప్లేటు జారి పడిపోతుంది, వెనక మూత తీసి ఇంకో చెయ్యి అక్కడ పెట్టి ఉంచాలి. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, షెడ్లో టేబుల్ కింద టార్చిలైటుతో వెతుక్కున్నాను.

బయాస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ మీద ఉండగానే చెయ్యాలి, ఇది మర్చిపోకండి, ముందే 5600 పెట్టేస్తే తెర మీద ఏమీ రాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఫైలు అందులో వేసుకోవాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే, మా వైపు సాయంత్రాలు ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే వోల్టేజి ఎలా ఆడుతుందో చెప్పక్కర్లేదు. యూపీఎస్ ఉంటే దాని మీద చెయ్యండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి, అది వేస్తే కరెంటు పోయినా సిస్టం ఆగకుండా మారిపోతుంది, మామూలు మోడ్‌లో అయితే ఒక్కోసారి ఆగి వెలుగుతుంది.


గట్టుమీద టెక్కు:

ఆకివీడు అబ్బాయి చెప్పిందాంట్లో అక్షరం మార్చక్కర్లేదు. రెండు ముక్కలు కలుపుతాను. కొన్ని బోర్డులకి పాత బయాస్ నుంచి కొత్తదానికి ఒక్క గెంతులో వెళ్లకూడదు, మధ్యలో ఒకటి వేసి వెళ్లాలి, డౌన్‌లోడ్ పేజీలో ఫైలు కిందే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవండి. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి వస్తాయి, ఎక్స్‌ఎంపీ మళ్లీ పెట్టుకోవాలి, లేకపోతే ఇంకో ఏడాది 2133లో ఆడుకుంటారు. కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి వెలిగించినప్పుడు నల్లటి తెర మీద ఎఫ్‌టీపీఎం గురించి వై నొక్కాలా, ఎన్ నొక్కాలా అని అడగొచ్చు. డిస్కుకి బిట్‌లాకర్ తాళం లేకపోతే వై నొక్కేయండి. ఉంటే ముందే దాన్ని ఆపి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.


కొబ్బరాకు:

అయిపోయిందండి! వారం పట్టింది, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

డబ్బా 5600 ఆన్‌లైన్లో తెప్పించాను, నా 13 వేలల్లోనే వచ్చింది. బయాస్‌కి మాత్రం భయమేసి, మాకు ఇన్వర్టర్ లేదు కాబట్టి, సిస్టం బైకు వెనక తువ్వాలుతో కట్టుకుని అమలాపురంలో మా పిన్ని వాళ్లింటికి తీసుకెళ్లాను. నిజంగానే మధ్యలో ఒక రెండు క్షణాలు లైట్లు మినుక్కుమన్నాయి, నా గుండె ఆగింది, అప్‌డేట్ ఆగలేదు. పిన్ని కాఫీ ఇచ్చి "దాంట్లో ఏముందిరా అంత చెమట పట్టడానికి" అంది.

విప్పేముందు ఇరవై నిమిషాలు ఆడాను, తిప్పగానే మెత్తగా వచ్చేసింది. ప్లేటు మాత్రం, అంత చెప్పినా, పడింది. నల్ల తెర మీద వై, ఎన్ కూడా అడిగింది, వై కొట్టాను.

ఈసారి ఎక్స్‌ఎంపీ 3200 మొదటిసారికే పట్టింది, 2933 దాకా దిగాల్సిన పనే లేకపోయింది. అదే మ్యాపులో యావరేజి 205, ఎంత గొడవ జరుగుతున్నా 140 కింద పెద్దగా పోలేదు, జీపీయూ 93 దాకా వెళ్తోంది. అంటే ఇప్పుడు కార్డు పని చేస్తోంది, ఎప్పటినుంచో కూర్చోబెట్టి మేపుతున్నాను దాన్ని. విండోస్ 11 కూడా ఎక్కించేశాను. ఆ 42 వేల కాగితం షాపు ముందు నుంచి వెళ్తున్నప్పుడు ఇచ్చేద్దామా అనిపించింది, ఎందుకులే అని వచ్చేశాను.

నాన్నగారికి చెప్పలేదు. డబ్బా చూసి "ఇదేంటి" అంటే "పాత బుర్ర తీసి కొత్త బుర్ర పెట్టానండి" అన్నాను, "నీకు పెట్టించుకోవాల్సింది" అన్నారు.


చించినాడ వంతెన:

కొబ్బరాకు గారూ, మధ్యలో వస్తున్నాను, పాత 2600 ఏం చేస్తున్నారు? మా మేనల్లుడి సిస్టంలో రైజెన్ 3 1200 ఉంది, నాలుగు కోర్లతో ఈడుస్తున్నాడు, బోర్డు బీ450యే. మాది పాలకొల్లు.


కొబ్బరాకు:

ఉందండి, కొత్తదాని ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి దాచాను, కూలర్ కూడా ఇస్తాను, శుభ్రంగా కడిగినంత పని చేశాను దానికి. గురువారం రాజోలు వస్తున్నాను పని మీద, వంతెన దాటి మీరు రాగలిగితే బస్టాండు దగ్గర ఇచ్చేస్తాను. ధర మీ మేనల్లుడు చెప్పిందే.


చించినాడ వంతెన:

వస్తానండి. టీ నాది. ఆకివీడు ఆయన కథ చదివాక మాత్రం పిన్నులు లెక్కపెట్టుకునే తీసుకుంటాను, 1331.